ఆర్‌ జీఎల్‌ఎంలో లింక్ ఆప్షన్: లాజిట్ దగ్గరే ఆగిపోనక్కర్లేదు

ఆర్‌ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో జీఎల్‌ఎం (జనరలైజ్డ్ లీనియర్ మోడల్) ఫంక్షన్ వాడేవాళ్లలో చాలామంది అందులోని లింక్ అనే ఆప్షన్ జోలికి వెళ్లరు. ఫ్యామిలీ దగ్గర బైనామియల్ (ఫలితం 0 లేదా 1 అయ్యే డేటా) అని రాస్తారు, లింక్ ఏదో చెప్పకపోతే అది తనంతట తనే లాజిట్ పట్టుకుంటుంది, కోఎఫిషెంట్లు (సమీకరణంలోని గుణకాలు) వస్తాయి, వాటి పక్కన ఫలితం గట్టిదో కాదో చూపే చుక్కలు వస్తాయి, రిపోర్టు వెళ్లిపోతుంది. ఈ రివ్యూ మొత్తం ఆ ఒక్క ఆప్షన్ గురించే. నా పనిలో అసలు తేడా వచ్చింది అక్కడే, పైగా దీని గురించి తెలుగులో ఎవరైనా కాస్త వివరంగా రాస్తే బాగుంటుందని నాకు చాలాకాలంగా ఉంది.

నేను హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్ కోసం మాక్ టెస్టుల ఫలితాలు విశ్లేషిస్తుంటాను. ఎప్‌సెట్ రాసే ఇంజినీరింగ్ పిల్లలు, 160 ప్రశ్నలు, మూడు గంటలు, ప్రతి ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు, నెగెటివ్ మార్కులు లేవు. ఏ ప్రశ్న బాగా పనిచేస్తోంది, ఏది పిల్లల్ని అయోమయంలో పడేస్తోంది, వచ్చే టెస్టులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఇదీ లెక్క. ఒక్కో ప్రశ్నకూ ఒక్కో రిగ్రెషన్: జవాబు రైటయితే 1, తప్పయితే 0, ఇటుపక్క ఆ ప్రశ్న వదిలేసి మిగతా ప్రశ్నల్లో ఆ విద్యార్థికి వచ్చిన మార్కులు.

లింక్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సంభావ్యత 0కీ 1కీ మధ్యనే ఉండాలి, కానీ మనం రాసే సరళరేఖ సమీకరణం మైనస్ అనంతం నుంచి ప్లస్ అనంతం దాకా ఎక్కడికైనా పోతుంది, ఈ రెంటినీ కలిపే సూత్రమే లింక్. 1972లో నెల్డర్, వెడర్‌బర్న్ అనే ఇద్దరు జనరలైజ్డ్ లీనియర్ మోడల్స్ అని ఒక పేపర్ రాసి, అప్పటిదాకా విడివిడిగా ఉన్న పద్ధతుల్ని ఒకే చట్రంలోకి తెచ్చారు, ఆ చట్రంలో లింక్ అనేది మార్చుకోదగ్గ భాగం. ఆర్‌లో బైనామియల్‌కి రెడీమేడ్‌గా ఐదు దొరుకుతాయి: లాజిట్, ప్రాబిట్, కోషిట్, లాగ్, సీలాగ్‌లాగ్ (కాంప్లిమెంటరీ లాగ్‌లాగ్). ఇవి చాలకపోతే మన సొంత లింక్ రాసి లోపలికి పంపొచ్చు. ఈ చివరి సౌకర్యం వల్లే నేను దీనికి ఇంత మంచి మార్కులు వేస్తున్నాను.

లాజిట్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దాని అర్థం సులువు, కోఎఫిషెంట్‌ని ఎక్స్‌పొనెన్షియల్ చేస్తే ఆడ్స్ రేషియో (జరిగే అవకాశానికీ జరగని అవకాశానికీ ఉన్న నిష్పత్తి ఎన్ని రెట్లు మారిందో చెప్పేది) వచ్చేస్తుంది. ఇంటర్‌సెప్ట్ (సమీకరణంలోని స్థిర పదం) ఉన్నంత కాలం మోడల్ అంచనాల మొత్తం అసలు 1ల మొత్తంతో సరిగ్గా సరిపోతుంది, ఇది వేరే లింకులకు గ్యారంటీ లేదు. ఇంకొక పెద్ద సుగుణం హైటెక్ సిటీలో లోన్ ఎగవేతలు, ఫ్రాడ్ మోడళ్లు చేసేవాళ్లకు పనికొస్తుంది: ఎగ్గొట్టినవాళ్లు తక్కువ, కట్టినవాళ్లు లక్షల్లో ఉంటారు కాబట్టి కట్టినవాళ్లలో కొంతమందినే శాంపిల్‌గా తీసుకుంటారు కదా, అలా చేసినా లాజిట్‌లో స్లోపులు (రేఖ వాలు చెప్పే కోఎఫిషెంట్లు) చెడవు, ఇంటర్‌సెప్ట్ ఒక్కటే జరుగుతుంది, దాన్ని సరిచేసుకోవచ్చు. 1979లో ప్రెంటిస్, పైక్ చూపించిన విషయం ఇది. ప్రాబిట్‌కో సీలాగ్‌లాగ్‌కో మారితే ఈ సౌలభ్యం పోతుంది. మీ డేటా అలా ఏరి తెచ్చినదైతే లాజిట్ వదలొద్దు, మిగతా ఆలోచనలన్నీ తర్వాత.

లాజిట్‌కీ ప్రాబిట్‌కీ మధ్య తేడా గురించి జనం అనవసరంగా టెన్షన్ పడతారు. మధ్య భాగంలో రెండూ దాదాపు ఒకటే, లాజిట్ కోఎఫిషెంట్లు ప్రాబిట్ వాటికి ఇంచుమించు 1.6 నుంచి 1.8 రెట్లు ఉంటాయి అంతే. రెండూ 0.5కి అటూ ఇటూ ఒకేలా ఉండే సౌష్ఠవ వక్రాలు. అవి రెండూ విడిపోయేది చివర్లలోనే, అదీ వేలల్లో డేటా ఉంటే తప్ప కనిపించదు, ఆ చివర్లలో మీకు పని లేకపోతే ఏది వాడినా ఫర్వాలేదు.

నా కథ మొదలైంది ఒక ఫిజిక్స్ ప్రశ్నతో. సెంటర్‌లో అప్పటికే వాడుకలో ఉన్న రెడీమేడ్ రిపోర్టు ఆ ప్రశ్నకు ‘తేడా చూపించే శక్తి తక్కువ, తీసేయొచ్చు’ అని ముద్ర వేసింది. ఆ ప్రశ్న తయారుచేసిన లెక్చరర్ గారు ప్రింటవుట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

“మేడమ్, ఇది మంచి ప్రశ్న. బాగా చదివినవాళ్లందరూ పెట్టారు చూడండి. రానివాళ్లు గుడ్డిగా ఏదో ఒకటి నొక్కేస్తారు, నలుగురిలో ఒకరికి తగులుతుంది. ఆ సంగతి ఈ లెక్కకు తెలుసా?”

“తెలీదు సార్. లాజిట్‌కి మనం చెప్తే తప్ప తెలీదు.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నెగెటివ్ మార్కులు లేని పరీక్షలో ఎవరూ ఖాళీగా వదలరు, కాబట్టి ఏమీ రాని విద్యార్థికి కూడా రైటయ్యే సంభావ్యత 0 కాదు, 0.25. 160 ప్రశ్నలూ కళ్లు మూసుకుని పెట్టినా సగటున 40 వస్తాయి. ఎప్‌సెట్‌లో అర్హత మార్కు 25 శాతం, అంటే అదీ 40యే! మామూలు లాజిట్ మాత్రం మార్కులు తగ్గేకొద్దీ వక్రాన్ని 0 వైపు లాక్కుపోవాలని చూస్తుంది. కింద డేటా 0.25 దగ్గర ఆగిపోయి ఉంటుంది, పైన 1 దాకా పోయి ఉంటుంది, ఈ రెంటినీ ఒకే వక్రంలో సర్దాలంటే దానికి ఒకటే దారి, స్లోప్ తగ్గించుకోవడం. స్లోప్ తగ్గిందంటే ‘తెలివైనవాళ్లకీ కానివాళ్లకీ తేడా చూపించని ప్రశ్న’ అని రిపోర్టు రాస్తుంది. అలా కష్టమైన మంచి ప్రశ్నలే ఎక్కువగా బలవుతాయి, ఎందుకంటే గుడ్డిగా పెట్టేది వాటికే ఎక్కువ.

ఇక్కడ జీఎల్‌ఎం నిజంగా మెప్పించింది. సొంత లింక్ రాయడానికి పెద్ద ప్రోగ్రామింగ్ ఏమీ రానక్కర్లేదు, మూడు చిన్న సూత్రాలు, ఒక తనిఖీ, ఒక పేరు కలిపి ఒక లిస్టుగా చుట్టి, దాని క్లాస్ ‘లింక్ హైఫన్ జీఎల్‌ఎం’ అని పెట్టి, బైనామియల్‌కి లింక్‌గా ఇస్తే చాలు. మొదటి సూత్రం లింక్‌ఫన్: సంభావ్యత ఇస్తే రేఖ మీది విలువ ఇవ్వాలి. మన ప్రశ్నకు అది, సంభావ్యతలోంచి 0.25 తీసేసి, దాన్ని 1లోంచి సంభావ్యత తీసేస్తే మిగిలినదానితో భాగించి, లాగ్ తీసుకోవడం. రెండోది లింక్‌ఇన్వ్, తిరుగు ప్రయాణం: మామూలు లాజిస్టిక్ విలువను 0.75తో గుణించి 0.25 కలపడం. మూడోది మ్యూడాట్‌ఈటా, అంటే ఆ రెండోదాని డెరివేటివ్: లాజిస్టిక్ సాంద్రతను 0.75తో గుణించడం. నాలుగోది వాలిడ్‌ఈటా, విలువ చెల్లుతుందా లేదా అనే తనిఖీ. అంతే. దీంతో రేఖ మీద మైనస్ 3 దగ్గర సంభావ్యత 0.29 వస్తుంది, మామూలు లాజిట్ అయితే 0.05 అనేది. రేఖ మీద 0 దగ్గర 0.625 వస్తుంది, 0.5 కాదు. అంటే ప్రశ్న కష్టాన్ని ‘సగం మంది రైటు పెట్టే చోటు’ అని చెప్పే అలవాటు ఉన్నవాళ్లు ఇకనుంచి 62.5 శాతం మంది పెట్టే చోటు అని చెప్పాలి. లెక్చరర్లకు ఇది ఒకసారి చెప్పాలి, తర్వాత ఇబ్బంది లేదు.

ఆ ఫిజిక్స్ ప్రశ్న స్లోప్ ఈ లింక్‌తో గట్టిగానే నిలబడింది, ప్రశ్న టెస్టులో ఉండిపోయింది. అలాగని కొత్త లింక్ పెట్టగానే ప్రతి ప్రశ్నా బాగుపడిపోదు. కొన్ని నిజంగానే చెత్త ప్రశ్నలు, వాటి స్లోప్ ఏ లింక్‌తో చూసినా సున్నా చుట్టూనే ఉంది, అవి పోయాయి.

ఇప్పుడు ఈ ప్రోడక్ట్ ఇబ్బంది పెట్టే చోట్లు చెప్తాను, సొంత లింక్ రాసేవాళ్లు వీటి దగ్గరే గంటలు పోగొట్టుకుంటారు. మొదటిది ప్రారంభ విలువలు. జీఎల్‌ఎం లెక్క మొదలుపెట్టేటప్పుడు ప్రతి 0ని కాస్త పైకీ ప్రతి 1ని కాస్త కిందికీ జరిపి మొదలుపెడుతుంది: అసలు విలువకు అర కలిపి రెండుతో భాగిస్తుంది. అంటే తప్పు జవాబు 0.25 దగ్గర, రైటు జవాబు 0.75 దగ్గర మొదలవుతాయి. మన లింక్‌లో కింది గోడ, అంటే సంభావ్యత అంతకంటే తగ్గని హద్దు, ఉన్నది సరిగ్గా 0.25 దగ్గరే! అక్కడ లింక్‌ఫన్ సున్నాకి లాగ్ తీయాల్సి వచ్చి మైనస్ అనంతం ఇస్తుంది. వాలిడ్‌ఈటా సరిగ్గా రాసుంటే ‘సరైన ప్రారంభ విలువలు దొరకలేదు, మీరే ఇవ్వండి’ అన్న అర్థం వచ్చే ఎర్రర్‌తో ఆగిపోతుంది. తనిఖీని మొక్కుబడిగా ఎప్పుడూ ‘సరే’ అనేలా రాస్తే మొదటి రౌండ్‌లో తప్పు జవాబులన్నింటినీ పక్కన పెట్టేసి ముందుకు పోవచ్చు. నిజం లేదా అబద్ధం తరహా ప్రశ్నలకు గోడ 0.5 దగ్గర ఉంటుంది, అప్పుడు 0.25 గోడకు కిందే పడుతుంది, లాగ్ లోపల మైనస్ సంఖ్య వస్తుంది. మందు సులువే, లింక్‌ఫన్ లోపల సంభావ్యతను గోడకంటే ఒక వెంట్రుకవాసి పైకి నెట్టేయాలి, లేదా స్టార్ట్ ఆప్షన్‌లో మీరే కోఎఫిషెంట్లు ఇవ్వాలి. అంతా రాసుకునే ఓపిక లేనివాళ్లకు సైఫీ అనే ప్యాకేజీలో ఎన్ని ఆప్షన్లున్నాయో చెప్తే సరిపోయే రెడీమేడ్ లింకులు దొరుకుతాయి. మనుషులు సన్నని వెలుతురు, శబ్దం ఎంతవరకు గుర్తుపడతారో కొలిచే ప్రయోగాల కోసం రాసిన ప్యాకేజీ అది, అక్కడా ఊహించి కొట్టే సమస్య ఇదే.

రెండోది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే ఎర్రర్ రాదు. మ్యూడాట్‌ఈటాలో ఆ 0.75 రాయడం మర్చిపోతే ఏమవుతుందో చూడండి. కోఎఫిషెంట్లు మారవు. సూత్రంలో ఆ స్థిర సంఖ్య అన్ని పదాల్లోంచీ బయటికి వచ్చేస్తుంది కాబట్టి సమాధానం అదే చోటికి చేరుతుంది. కానీ స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనాల్లో ఎంత అనిశ్చితి ఉందో చెప్పే కొలతలు) అసలు ఉండాల్సిన దాంట్లో మూడొంతులే, అంటే 25 శాతం చిన్నవిగా వస్తాయి. ప్రతి పి విలువా అందంగా కనిపిస్తుంది, వార్నింగ్ ఒక్కటీ ఉండదు. డెరివేటివ్‌లో తప్పు స్థిర సంఖ్య కాకుండా ఇంకో రకంగా ఉంటే కోఎఫిషెంట్లు కూడా జరుగుతాయి, అదీ నిశ్శబ్దంగానే. అందుకే సొంత లింక్ రాశాక రెండు పరీక్షలు పెట్టకుండా వాడొద్దు: రేఖ మీద కొన్ని విలువలు తీసుకుని లింక్‌ఇన్వ్‌లోంచి పంపి, వచ్చినదాన్ని లింక్‌ఫన్‌లోంచి వెనక్కి పంపితే మొదటి విలువలే రావాలి, ఇంకా పక్కపక్కనే ఉన్న రెండు విలువల దగ్గర లింక్‌ఇన్వ్ తేడాను వాటి దూరంతో భాగిస్తే మ్యూడాట్‌ఈటా ఇచ్చే సంఖ్య రావాలి. రెండు నిమిషాల పని.

మూడోది ఫ్యాక్టర్ లెవెల్స్, అంటే మాటలతో ఉన్న వర్గాల కాలమ్‌లో ఆ వర్గాల క్రమం. కాలమ్‌లో 0, 1 కాకుండా కరెక్ట్, రాంగ్ అని ఇంగ్లిష్ మాటలు ఫ్యాక్టర్‌గా ఉంటే ఆర్‌ వాటిని అక్షర క్రమంలో పెట్టి, మొదటిదాన్ని ఫెయిల్యూర్‌గా, రెండోదాన్ని సక్సెస్‌గా తీసుకుంటుంది. కరెక్ట్ ముందొస్తుంది కాబట్టి మీ మోడల్ తప్పు జవాబు వచ్చే సంభావ్యతను లెక్కిస్తుంది. లాజిట్‌లో గుర్తులు తిరగబడతాయి అంతే, మిగతాదంతా అలాగే ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. సౌష్ఠవం లేని లింక్‌లో అలా కాదు, మోడలే మారిపోతుంది. తప్పు జవాబుకు 0.25 గోడ కట్టినట్టవుతుంది, అంటే టాపర్ కూడా నాలుగో వంతు సార్లు తప్పు పెడతాడని ఒప్పుకున్నట్టు. సీలాగ్‌లాగ్‌తోనూ ఇదే గొడవ. కాలమ్‌ని 0, 1గా మార్చుకునే వాడండి, వేరే మాట లేదు.

ఇంతకీ 0.25 అనేది ప్రతిచోటా సరైన సంఖ్యేనా? కాదు. ప్రశ్నలో ఒక ఆప్షన్ బాగా ఊరించేలా ఉంటే, ఉదాహరణకు యూనిట్ మార్చడం మర్చిపోయినవాడికి వచ్చే సంఖ్యను ఆప్షన్‌గా పెడితే, సగం తెలిసినవాళ్లందరూ దానిమీద పడతారు, రైటు పెట్టేవాళ్లు 25 శాతం కంటే తగ్గిపోతారు. 0.25 గోడ ఉన్న లింక్ ఆ డేటాను అస్సలు మింగలేదు. కాబట్టి ముందు అడుగున ఉన్న పిల్లల్లో ఎంతమంది రైటు పెట్టారో ఒక చిన్న పట్టిక వేసుకుని చూడాలి, అది చూశాకే గోడ ఎక్కడో నిర్ణయించాలి. టైమ్ చాలక వదిలేసిన ప్రశ్నలను తప్పు జవాబులతో కలపకూడదు, అక్కడ ఊహించడమే జరగలేదు. జేఈఈ మెయిన్‌లా తప్పుకు మార్కు కోసే పరీక్షలో చాలామంది రానివి వదిలేస్తారు, అక్కడికి ఈ లింక్‌ని ఇలాగే మోసుకెళ్లకండి. లింక్ అనేది డేటాలోని 0, 1 ఎలా పుట్టాయో దాన్నిబట్టి రావాలి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన మాట ఇదొక్కటే, మిగతాది కోడ్.

ఇదే మాటకు ఇంకా పాత ఉదాహరణ బ్లిస్ పురుగులు. ప్రాబిట్ అన్న పేరు పెట్టిన చెస్టర్ బ్లిస్ 1935లో ప్రచురించిన డేటా అది, కార్బన్ డైసల్ఫైడ్ వాయువు 8 మోతాదుల్లో, మొత్తం 481 పిండి పురుగులు. ఈ లెక్క మీరే చేసి చూసుకోవచ్చు, చాలా పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. డీవియన్స్ అంటే మోడల్ డేటాకు ఎంత దూరంగా ఉందో చెప్పే కొలత, తక్కువైతే మంచిది: లాజిట్ డీవియన్స్ 11.23, ప్రాబిట్ 10.12, సీలాగ్‌లాగ్ 3.45, మూడింటికీ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 6. డీవియన్స్ చూసి వదిలేయకుండా లోపలికి వెళ్లండి. అతి తక్కువ మోతాదులో 59 పురుగుల్లో 6 చచ్చాయి, లాజిట్ 3.46 అంటుంది, సీలాగ్‌లాగ్ 5.59 అంటుంది. మధ్యలో 56కి 28 చచ్చిన చోట లాజిట్ 33.90 అని ఎగబాకుతుంది, సీలాగ్‌లాగ్ 30.37. అతి ఎక్కువ మోతాదులో 60కి 60 పోయాయి, లాజిట్ ఇంకా ఒకటి బతికి ఉండొచ్చన్నట్టు 58.74 దగ్గర ఆగుతుంది, సీలాగ్‌లాగ్ 59.95కి చేరిపోతుంది. 0 వైపు నెమ్మదిగా, 1 వైపు వేగంగా పోవడం సీలాగ్‌లాగ్ స్వభావం, ఆ పురుగుల చావూ అలాగే ఉంది. అయితే ఒక్కటి గమనించండి, లాజిట్ 11.23 కూడా 5 శాతం హద్దు అయిన 12.59 లోపే ఉంది. మామూలు పరీక్షలో లాజిట్ పాసైపోతుంది! పాసయింది కదా అని ఆగిపోతే చివర్ల దగ్గర తప్పు అంచనాలతో మిగిలిపోతాం, మందు మోతాదు లెక్కల్లో కావాల్సింది ఆ చివర్లే.

సీలాగ్‌లాగ్‌కి మన ఊరితో చుట్టరికం ఉన్న వాడకం ఒకటుంది. రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న, బేగంపేటలో ఆయన పేరుమీద ఉన్న భవనం తెలిసిందే. ఇప్పుడు దోమల్లో వైరస్ ఉందా అని చూసేటప్పుడు ఒక్కో దోమనూ పరీక్షించడం ఖర్చు కాబట్టి కొన్నింటిని కలిపి ఒకే శాంపిల్‌గా చూసే పద్ధతి ఉంది. పూల్‌లో ఒక్క దోమకు ఉన్నా పాజిటివ్ అని వస్తుంది. ఇలాంటి డేటాకు సొంత లింక్ కూడా అక్కర్లేదు, సీలాగ్‌లాగ్ పెట్టి, పూల్‌లో ఎన్ని దోమలున్నాయో దాని లాగ్‌ని ఆఫ్‌సెట్‌గా (కోఎఫిషెంట్ లేకుండా నేరుగా రేఖకు కలిపే పదంగా) ఇస్తే చాలు, కోఎఫిషెంట్లు సూటిగా ఒక్క దోమ స్థాయిలోనే వచ్చేస్తాయి. ఇది ఉజ్జాయింపు కాదు, దోమలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా సోకాయనుకుంటే గణితం ప్రకారం కచ్చితంగా సరిపోయేదే. లాజిట్‌తో ఇలా చేస్తే సరిపోదు. నెలకోసారి చూసి ‘ఈ నెలలో మానేశారా లేదా’ అని నోట్ చేసుకునే డేటాకూ సీలాగ్‌లాగ్ సహజంగా నప్పుతుంది, వెనక కాక్స్ తరహా హజార్డ్ మోడలే (ఇప్పటిదాకా ఉన్నవాళ్లు ఇప్పుడు మానేసే రేటును లెక్కించేది) ఉంటుంది కాబట్టి. ఆర్‌ హెల్ప్ పేజీలో సొంత లింక్‌కి ఇచ్చిన ఉదాహరణ కూడా ఇలాంటిదే: పక్షిగూడు ఒక్కో రోజు నిలిచే సంభావ్యత కావాలి, కానీ పరిశీలకులు కొన్ని రోజులకోసారి వెళ్లి చూస్తారు. ఆ పదిపన్నెండు లైన్ల కోడ్‌ని కాపీ చేసుకుని మీ సూత్రం పెట్టుకోవడమే సొంత లింక్ నేర్చుకోవడానికి దగ్గరి దారి.

సరైన లింక్ పెట్టామా లేదా అని డేటాని అడగడానికి కూడా ఇందులో సదుపాయం ఉంది. 1980లో ప్రెగిబన్ చెప్పిన ఉపాయం: మోడల్ నుంచి రేఖ మీది అంచనాలు తీసి, వాటి వర్గాన్ని ఇంకో కాలమ్‌గా మోడల్లోకి వేసి, అది పనికొస్తోందా చూడాలి. పనికొస్తోందంటే లింక్‌లోనో రేఖలోనో ఏదో లోపం ఉంది. ఇది చూడటానికి మోడళ్లను పోల్చే అనోవా ఫంక్షన్‌లో టెస్ట్ దగ్గర రావు అని రాయొచ్చు. ఆ రావు మన సి.ఆర్. రావు గారే. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, 1948లో ఈ టెస్ట్‌ని, అంటే స్కోర్ టెస్ట్‌ని, ఇచ్చిన మనిషి, హెచ్‌సీయూ క్యాంపస్‌లో ఆయన పేరుమీద సంస్థ ఉంది. 2023లో వెళ్లిపోయారు. కమాండ్‌లో ఆ పేరు టైప్ చేసిన ప్రతిసారీ నాకు గర్వంగా ఉంటుంది, దాచుకోను.

కానీ ఈ టెస్ట్ ‘ఏదో తేడా ఉంది’ అని మాత్రమే చెప్తుంది, ఏ లింక్ పెట్టాలో చెప్పదు, తప్పు లింక్‌దో లేక మీరు ఒక వేరియబుల్‌ని వర్గంగా వేయాల్సింది వేయకపోవడం వల్లో కూడా చెప్పదు. ఐదు లింకులూ వరసగా వేసి ఏఐసీ (మోడళ్లను పోల్చే స్కోరు, తక్కువైతే మంచిది) ఎక్కడ తక్కువొస్తే దాన్ని పట్టుకునేవాళ్లని చూస్తుంటాను, నాకు అది నచ్చదు. తేడా ఒకటో రెండో పాయింట్లయితే అది డేటా గాలివాటం, ఇంకో బ్యాచ్ పిల్లలు వస్తే మారిపోతుంది. పైగా ఎంచుకున్నాక వచ్చే స్టాండర్డ్ ఎర్రర్లలో ఆ ఎంపిక తాలూకు అనిశ్చితి ఎక్కడా ఉండదు.

మిగిలిన రెండు రెడీమేడ్ లింకుల గురించి ఎక్కువ లేదు. లాగ్ లింక్‌తో రిస్క్ రేషియో నేరుగా వస్తుంది, డాక్టర్లు అడిగేది అదే, కానీ సంభావ్యత 1 దాటకుండా ఆపే గోడ అందులో లేదు కాబట్టి తరచూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, అలాంటప్పుడు రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్లతో పాయిజాన్ వాడటం చాలామంది చేసే పని. కోషిట్ చివర్లు చాలా బరువైనవి, టాపర్ పొరపాటున తేలిక ప్రశ్న తప్పు పెట్టినా మోడల్ కంగారు పడదు, నేను అప్పుడప్పుడు పోల్చి చూడటానికి వాడతాను.

పైథాన్ వాళ్లు అడుగుతారు కాబట్టి: అమీర్‌పేట కోర్సుల్లో ఎక్కువగా చెప్పే సైకిట్‌లెర్న్‌లోని లాజిస్టిక్ రిగ్రెషన్‌లో లింక్ మార్చే అవకాశం లేదు, లాజిట్ ఒక్కటే, పైగా మీరు ఆపకపోతే కోఎఫిషెంట్లను కుదించే పెనాల్టీ కూడా దానంతట అదే పడుతుంది. అంచనాలు మాత్రమే కావాల్సినవాళ్లకు అది చాలు. లింక్ మార్చాలంటే స్టాట్స్‌మోడల్స్‌లోని జీఎల్‌ఎం ఉంది, అందులో ఆర్‌లో రెడీమేడ్‌గా లేని లాగ్‌లాగ్ కూడా ఉంది, సొంత లింక్‌ని ఒక క్లాస్‌గా రాసుకోవచ్చు.

5కి 4.5 ఇస్తాను. డబ్బు ఏమీ పెట్టక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్‌లో పనిచేస్తుంది, సొంత లింక్ పెట్టాక కూడా ప్రెడిక్ట్, అనోవా, ఏఐసీ అన్నీ ఏ మార్పూ లేకుండా నడుస్తాయి, నాకు బాగా నచ్చింది ఇదే. అర మార్కు కోసింది ఎర్రర్ మెసేజీలకు, ఇంకా తప్పు డెరివేటివ్ ఇచ్చినా కిక్కురుమనకుండా లెక్క కట్టేయడానికి. అలాంటి తనిఖీ లోపలే ఉంటే కొత్తవాళ్లు బతికిపోతారు.

ఒక హద్దు మాత్రం తెలుసుకుని దిగండి. జీఎల్‌ఎం లింక్‌లో గోడ ఎత్తు మీరు ఇచ్చే స్థిర సంఖ్య, దాన్ని డేటానుంచి అంచనా వేయదు. 0.15 నుంచి 0.25 దాకా నాలుగైదు ఎత్తులతో వేసి లాగ్ లైక్‌లీహుడ్ (మోడల్ డేటాకు ఎంత బాగా సరిపోయిందో చెప్పే కొలత) ఎక్కడ బాగుందో చూసుకోవడం ఒక పద్ధతి, ఒకటి రెండు ప్రశ్నలకు అది సరిపోతుంది. ప్రతి ప్రశ్నకూ వేరే గోడ, ప్రతి విద్యార్థి సామర్థ్యం కూడా ఒకేసారి అంచనా వేయాలంటే అది బర్న్‌బామ్ 1968లో ఇచ్చిన మూడు పారామీటర్ల మోడల్ పని, ఆర్‌లోనే మిర్ట్ అనే ప్యాకేజీ ఉంది. వందల్లో పిల్లలుంటే అందులో గోడ అంచనా ఊగిసలాడుతుంది, వేలల్లో ఉంటేనే అటు వెళ్లండి, లేకపోతే జీఎల్‌ఎం, చేత్తో పెట్టిన గోడ, పక్కన అడుగు పిల్లల పట్టిక, ఈ మూడూ చాలు.